యుగధర్మమును రాజ్యనిర్మాతలును

గతించిన మహాపురుషులను గూర్చి లోకము రెండు విధముల తీర్పు చెప్పుచున్నది. నేటి న్యాయముతో నాటివారిని తూచి, తక్కువ తూగినవారిని పీఠములనుండి దింపుట యొక విధము. "అది యా కాలపు ధర్మము, అప్పుడందరును నట్లే చేసిరి" యని పలికి, యెట్టి దోషమునైనను కాలము నెత్తిన వేసి, వారిని నిర్దోషులుగా విడిచిపెట్టుట రెండవ విధము. మొదటిదానియందు తొందరపాటు కలదు. రెండవదానియందు సోమరితనము కలదు. ఒక దేశమును నిర్మించిన ప్రముఖుల చరిత్రమును ముందిడుకొని, యుగధర్మమను మాటకు నిజమైన యర్థమేమి, దాని హద్దులెవ్వి యని విచారించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము గైకొనినది అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రము. దానికి రెండు కారణములు గలవు. 1776 జూలై 4వ తేదీన స్వాతంత్ర్య ప్రకటనము గావించిన యా దేశనిర్మాతల జాబులు, లెక్కల పుస్తకములు, మరణశాసనములు నేటికిని భద్రముగా నున్నవి. కావున నూహలతో బని లేదు. మఱియు, లక్షలకొలది తెలుగువా రచ్చట స్థిరపడియున్నారు. వారి బిడ్డలు బడులలో జదువుకొను చరిత్రము అదియే. 2020 జూన్ నెలలో పోర్ట్‌లాండు నగరమున వాషింగ్టను విగ్రహమును, జెఫర్సను విగ్రహమును జనులు పడద్రోసిరి. 2021లో న్యూయార్కు పురపాలక సభామందిరమునుండి జెఫర్సను ప్రతిమను తొలగించిరి. ఇది కృతఘ్నత యని కొందఱును, ఆలస్యముగా జరిగిన న్యాయమని కొందఱును వాదించిరి. ఈ వాదమున యుగధర్మమను మాట యెన్నిసార్లు వినవచ్చెనో చెప్పనలవి కాదు.

ఆ మాటయందు గల సత్యమును ముందుగా నంగీకరింతము. మన ధర్మశాస్త్రకారు లీ సంగతి నెఱిగినవారే. పూర్వయుగములందు విహితమైన నియోగము మున్నగు వానిని కలియుగమునకు నిషేధించి, వానికి గలివర్జ్యములని పేరిడిరి. అంతమాత్రమున వాని నాచరించిన పూర్వులను పాపులని నిందింపలేదు. ఆనాటికి దెలియని దానిని దెలియలేదని యెవ్వరిని దప్పు పట్టరాదు. ఇందుకు వాషింగ్టను మరణమే యుదాహరణము. 1799 డిసెంబరులో నాయనకు గంఠరోగము సోకగా, వైద్యులు పలుమాఱులు శరీరమునుండి రక్తము తీసిరి. 14వ తేదీ రాత్రి యాయన కన్నుమూసెను. రక్తమును దీయుట యపకారమని నేడు మన మెఱుగుదుము. అయినను ఆ వైద్యులను హంతకులని యెవ్వరు నన్నచో నది యన్యాయము. వారు నేర్చిన శాస్త్రమంతే. వారు కోరినది రోగి మేలే. అయినను ఒక విశేషము గమనింపదగినది. ఆ ముగ్గురు వైద్యులలో జిన్నవాడగు డిక్కు, రక్తము నింక దీయవలదని యభ్యంతరము చెప్పెను. ఒక కాలమున నందరి తలంపును నొక్కటే యని మనము భ్రమపడరాదనుట కిది యొక చిన్న సాక్ష్యము.

ఇక ముఖ్యవిషయము. మనుష్యులందరును సమానులుగా సృజింపబడిరని లోకమునకు జాటిన యా ప్రకటనమును రచించిన థామస్ జెఫర్సను, తన జీవితకాలమున నాఱువందలకు మించిన బానిసలకు యజమానుడై యుండెను. యుద్ధమున సేనల నడిపి, పిమ్మట మొదటి యధ్యక్షుడైన జార్జి వాషింగ్టను తన పదునొకండవ యేటనే తండ్రి యాస్తిగా బదిమంది బానిసలను బొందెను. 1790లో జరిగిన మొదటి జనసంఖ్యలో నా దేశపు జనము 39 లక్షల 29 వేలు. అందు బానిసలు దాదాపు 7 లక్షలు. మొదటి పన్నిద్దఱు అధ్యక్షులలో నెన్నడును బానిసల నుంచుకొననివారు జాన్ ఆడమ్సును, ఆయన కుమారుడగు జాన్ క్విన్సీ ఆడమ్సును మాత్రమే. ఈ లెక్కలు చూచి, "అందరును నట్లే చేసిరి గదా" యని సమర్థకు లందురు.

అందరును అనగా నెవరు? ఇదియే మా ప్రశ్న.

1688లోనే పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌను అను గ్రామమున నలుగురు మనుష్యులు బానిసత్వము తగదని నిరసనపత్రము వ్రాసి తమ మతసంఘమునకు సమర్పించిరి. 1776లో, స్వాతంత్ర్య ప్రకటనము వెలువడిన ఫిలడెల్ఫియా నగరముననే, క్వేకరు మతసంఘమువారు తమలో నెవ్వరును బానిసల నుంచుకొనరాదని నియమము చేసిరి. 1777లో వెర్మాంటు ప్రాంతమువారు తమ రాజ్యాంగముననే బానిసత్వమును నిషేధించిరి. 1780లో పెన్సిల్వేనియా సభ క్రమక్రమముగా బానిసత్వమును తొలగించు శాసనము చేసెను. ఆ యేడే మాసచూసెట్సు రాజ్యాంగము మనుష్యులందరును స్వతంత్రులని చెప్పగా, ఎలిజబెత్ ఫ్రీమన్ అను బానిస స్త్రీ, ఆ మాట తనకును వర్తింపవలెనని 1781లో న్యాయస్థానమున వ్యవహరించి గెలిచెను. ఈమె యా కాలమువారు గారా? ఆమె కొక యుగము, ఆమె యజమానునకు వేఱొక యుగము గలదా? ఆ దాదాపు ఏడు లక్షల జనమును నెంచక "అందరు" నని చెప్పువారు, యజమానుల యభిప్రాయమునే యుగధర్మమని పిలుచుచున్నారు. బానిసత్వము ధర్మమని బానిసను బిలిచి యడిగినవా రెవ్వరు?

కావున మహాపురుషుని వాని కాలపు ప్రమాణముచేతనే తూచుదము. కాని యా కాలమునందలి ప్రమాణములన్నిటిని బయటకు దీసి తూచుదము. అందుకు నాలుగు ప్రశ్నలు చాలునని మాకు దోచుచున్నది. ఆయన కేమి తెలియును? చేయగల శక్తి యెంత? ఆయన వంటివారే, ఆ స్థితిలోనే, ఏమి చేసిరి? ఆయన తన నోటనే యేమి చెప్పెను? జ్ఞానము, శక్తి, సజాతీయుల యాచారము, స్వవాక్యము - ఈ నాలుగింటిలో నొక్కటియు నేటి కాలము నుండి తెచ్చినది కాదు. ఇవన్నియు నాటివే.

మొదట జెఫర్సనును విచారింతము. ఆయన తాను వ్రాసిన ప్రకటనపు చిత్తుప్రతిలో బానిసల వర్తకమును ఆంగ్లరాజు నేరములలో నొకటిగా జేర్చెను; సభవారు దానిని గొట్టివేసిరి. 1784లో పశ్చిమభూములందు 1800 తరువాత బానిసత్వ ముండరాదని ప్రతిపాదించెను. అది యొక్క యోటుచే వీగిపోయెను. అధ్యక్షుడై యుండగా, బానిసల దిగుమతిని నిషేధించు శాసనముపై 1807లో సంతకము చేసెను. అది 1808 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చెను. వర్జీనియాను గూర్చి తాను రచించిన గ్రంథమున, బానిసత్వము యజమానుల శీలమును సైతము చెఱచుననియు, దైవన్యాయమును దలచిన తన దేశమును గూర్చి భయము కలుగుచున్నదనియు భావము వచ్చునట్లు వ్రాసెను. ఆ గ్రంథముననే నల్లవారు బుద్ధిచే దక్కువవారేమో యను సంశయమునుగూడ వెలిబుచ్చెను. కాబట్టి జ్ఞానము లేదనుటకు వీలులేదు, స్వవాక్యమే సాక్షి.

శక్తిమాట యేమి? ఆయన కప్పులు హెచ్చు. మరణించునాటికి లక్ష డాలర్లకు మించిన ఋణము మిగిలెను. విడుదల నొందిన బానిసలు సంవత్సరములోగా వర్జీనియాను విడిచిపోవలెనని 1806లో శాసన మొకటి యేర్పడెను. ఇవి యథార్థములైన యడ్డంకులే. మేము వీనిని దాచము. కాని 1782 నుండి వర్జీనియాలో యజమానులు తమ యిచ్ఛచే బానిసలను విడుదల చేయుట శాసనసమ్మతమై యుండెను. ఆ రాష్ట్రముననే, ఆ ధనికవర్గముననే పుట్టిన రాబర్టు కార్టరు అను భూస్వామి 1791లో దానపత్రము వ్రాసి నన్నూటయేబదికి మించిన బానిసలను గ్రమముగా విడిపించెను. జెఫర్సను తన జీవితమున నిద్దఱిని, మరణశాసనమున నైదుగురిని మాత్రమే విడిపించెను. ఆయన మరణానంతరము 1827లో మాంటిచెల్లో యింటి ముంగిట దాదాపు నూటముప్పదిమంది వేలమునకు బెట్టబడిరి.

ఆయనను హెచ్చరించినవారును ఆ కాలమువారే. 1791లో బెంజమిన్ బానెకరు అను నల్లజాతి గణితజ్ఞుడు తాను రచించిన పంచాంగమును జెఫర్సనునకు బంపుచు, నీవు వ్రాసిన ప్రకటనపు మాటలకును నీ యాచారమునకును పొందిక యెక్కడ యని వినయముతోనే నిలదీసెను. జెఫర్సను మర్యాదగా బ్రత్యుత్తర మిచ్చి, యా పంచాంగమును ఫ్రాన్సు దేశపు పండితుల యొద్దకు బంపెను. కాని యింటి వ్యవస్థ మాఱలేదు. 1814లో నాయన జిల్లాలోనే పుట్టిన యువకుడగు ఎడ్వర్డు కోల్సు, బానిస విమోచనమునకు నాయకత్వము వహింపుడని యాయనను బ్రార్థించెను. నేను వృద్ధుడను, ఇది యువకుల పని యని జెఫర్సను తప్పించుకొనెను. కోల్సు 1819లో తన బానిసల నోహయో నదిమీద బడవలో గొనిపోవుచు, దారిలోనే వారికి స్వేచ్ఛ ప్రసాదించి, ఇల్లినాయిలో గుటుంబమునకు 160 ఎకరముల చొప్పున భూమి యిచ్చెను. పిమ్మట నాతడు 1822లో నా రాష్ట్రమునకు గవర్నరుగా నెన్నికై, అచ్చట బానిసత్వమును బ్రవేశపెట్ట జూచినవారి నెదిరించి నిలిచెను. యుగధర్మము కోల్సు చేతులను గట్టివేయలేదు గదా!

వాషింగ్టను విషయమున లెక్క వేఱుగా దేలును. అధ్యక్షుడై ఫిలడెల్ఫియాలో నివసించు దినములలో నాయన చేసిన పని యొకటి గలదు. పెన్సిల్వేనియా శాసనము ప్రకార మాఱు నెలలచ్చట నివసించిన బానిస స్వేచ్ఛ గోరవచ్చును. కావున నా గడువు నిండకమున్నే తన యింటి బానిసలను రాష్ట్రము వెలుపలికి బంపి, మరల రప్పించుచుండెను. శాసనమును దప్పించుకొనుటకు శ్రమపడినవాడు శాసనమందలి న్యాయ మెఱుగనివాడని చెప్పగలమా? 1796లో ఓనా జడ్జి అను పరిచారిక యాయన యింటినుండి తప్పించుకొని న్యూహాంప్‌షైరు చేరగా, ఆమెను మరల బట్టి తెప్పించుటకు నాయన యత్నించెను. ఆమె లొంగలేదు, 1848 వఱకు స్వతంత్రురాలిగనే జీవించెను. ఇది దోషపక్షము. గుణపక్షమున, 1799లో వ్రాసిన మరణశాసనమున, తనకు హక్కుగల 123 మందిని భార్య యనంతరము విడుదల చేయవలెననియు, వారిలో వృద్ధులకును బలహీనులకును నన్నవస్త్రములు కల్పింపవలెననియు నాజ్ఞాపించెను. భార్య మార్తా 1801 జనవరి 1వ తేదీననే వారిని విడిపించెను. మార్తా మొదటి భర్త యాస్తికి జెందిన తక్కినవారిని విడిపించు హక్కు వాషింగ్టనునకు శాసనరీత్యా లేకుండెను. శక్తిలేని చోట నిందింపము. శక్తి గలచోట నాలస్యముగానైన జేసిన పనిని లెక్కింపక విడువము.

బెంజమిన్ ఫ్రాంక్లిను మూడవ తీరువాడు. ఆయనయు నొకప్పుడు బానిసల నుంచుకొన్నవాడే. తన పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలు వేసినవాడే. కాని వార్ధకమున మనసు మార్చుకొని, పెన్సిల్వేనియాలోని బానిస విమోచన సంఘమునకు నధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసు సభకు బానిసత్వ నిర్మూలనము గోరుచు విజ్ఞాపనము పంపెను. రెండు నెలలకే, ఎనుబదినాలుగవ యేట, మృతినొందెను. జెఫర్సను డెబ్బదియొకండవ యేట వృద్ధుడనని చెప్పిన మాటకు, ఫ్రాంక్లిను ఎనుబదినాలుగవ యేట చేసిన పని యుత్తరము.

స్థాలీపులాక న్యాయమున నొక్క మెతుకు పట్టి చూచి కుండెడన్నము నుడికినదని చెప్పుట వంటయింట జెల్లును గాని చరిత్రమున జెల్లదని యీ మువ్వురి వలన స్పష్టమగుచున్నది. ఒకే కాలము, ఒకే దేశము, ఒకే ప్రకటనముపై సంతకములు చేసినవారును, ఆ ప్రకటనము కొఱకు యుద్ధము చేసినవారును. కాని మువ్వురికి మూడు విధములైన లెక్క.

ఇచట నొక యాక్షేపణ గలదు. దక్షిణపు రాష్ట్రములవారు బానిసత్వమును విడువ నొల్లరైరి. వారిని గలుపుకొననిచో రాజ్యమే యేర్పడదు. కావున నిది యాపద్ధర్మ మని. 1787లో రాజ్యాంగము వ్రాసిన సభయందు దక్షిణ కెరొలైనా, జార్జియా ప్రతినిధులు పట్టుపట్టిన మాట నిజము. బానిసలను ప్రతినిధుల సంఖ్య కొఱకు నైదింట మూడువంతుల జనముగా లెక్కించుటయు, బానిసల దిగుమతిని 1808 వఱకు నిషేధింపకుండుటయు, పాఱిపోయినవారిని యజమానుల కప్పగించుటయు నా బేరముల ఫలములే. ఈ యాక్షేపణకు మేము రెండు సమాధానములు చెప్పుదుము. ఆ రాజ్యాంగమున నెచ్చటను బానిస యను పదము లేదు. ఇతర వ్యక్తులనియు, పనికి బద్ధులైనవారనియు జుట్టుమాటలతో సరిపెట్టిరి. ధర్మమని నమ్మినదానికి బేరు పెట్టుటకు సిగ్గేల? మఱియు, సభలోని రాజీ సభలోని యోటుకు సమాధాన మగును గాని యింటిలోని యాచారమునకు సమాధానము గాదు. రాజ్యమును గలుపుటకు దక్షిణపువారికి లోబడితి నని యొకడు చెప్పవచ్చును. తన పొలములో తన బానిసను విడువకుండుటకు నే రాజ్యము నడ్డువచ్చెను? 1773లోనే వర్జీనియా మహావక్త పాట్రిక్ హెన్రీ, బానిసత్వము తగనిదని యొప్పుకొనుచునే, వారు లేక జీవించుటలోని యసౌకర్యము వలననే విడువలేకున్నానని యొక క్వేకరు మిత్రునకు జాబు వ్రాసెను. ఆపద్ధర్మమునకును సౌకర్యమునకును గల భేద మా జాబు వలన దెలియుచున్నది. వాయిదా వేసిన ఋణము వడ్డీతో దీఱెను. 1861 నుండి 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధమున నాఱు లక్షలకు మించిన సైనికులు మడిసిన పిమ్మట, 1865లో పదుమూడవ సవరణచే బానిసత్వము తొలగెను.

ఇట్లయిన నా నిర్మాతలను ద్యజింపవలెనా? వలదు. వారి శాసనము వేఱు, వారి వాక్యము వేఱు. 1790లో వారు చేసిన పౌరసత్వ శాసనము స్వతంత్రులైన తెల్లవారికి మాత్రమే పౌరసత్వము నిచ్చునది. ఆ మాటను బట్టియే 1923లో నా దేశపు సర్వోన్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను భారతీయుడు పౌరుడు కాదగడని తీర్పు చెప్పెను. 1946లో గాని భారతీయులకు బౌరసత్వము లభింపలేదు. 1965లో గాని వలసద్వారము విశాలముగా దెఱువబడలేదు. ఈనాడు మన బిడ్డలు పౌరులై యచ్చట నుద్యోగములు చేయుచున్నారన్న, అది నిర్మాతల శాసనము వలన గాదు. ఆ శాసనమును నిర్మాతల వాక్యముతోనే ఖండించినవారి వలన. బానిసగా బుట్టి స్వతంత్రుడైన ఫ్రెడరిక్ డగ్లసు 1852 జూలై 5న, స్వాతంత్ర్యదిన ముత్సవము చేసికొనువారిని బ్రశ్నించినది యా వాక్యము పేరిటనే. 1863లో లింకనును, 1963లో మార్టిన్ లూథర్ కింగును దానినే స్మరించిరి. వాక్యమును గౌరవించి, వాక్యకర్త దానికి దప్పిన చోట దప్పెనని చెప్పుటయే వానికి నిజమైన గౌరవము.

ఈ దూరదేశపు కథ మన సంఘసంచికలో నేల యని పాఠకు లడుగవచ్చును. మన కులసంఘములు ప్రకటించు సంచికలలో ముఖ్యభాగము పూర్వుల చరిత్రము. సత్రము గట్టించినవారు, చెఱువు ద్రవ్వించినవారు, పాఠశాలకు భూమి యిచ్చినవారు మనకు బూజ్యులు. వారి పేర్లు వ్రాయుట మన విధి. కాని యా సత్రమున నెవ్వరికి బంక్తి లేకపోయెను, ఆ చెఱువునీటి నెవ్వరు ముట్టరాదైరి, ఆ గృహమున బాల్యముననే వితంతువైన యాడుబిడ్డ గతి యేమయ్యెను అని యడిగినచో, "ఆ కాలమట్టిది" యని మనమును దాటవేయుదుము. ఆ కాలముననే కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. వితంతు వివాహమును ధర్మసమ్మతము గావించిన శాసనమో, 1856లోనే వచ్చియుండెను. ఆడపిల్లలను సొమ్మునకు నమ్ముకొను దురాచారమును నవ్వులపాలు చేసిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో నచ్చుపడెను. కావున 1881 తరువాతివారిని గూర్చి "అప్పుడు తెలియదు" అను మాట చెల్లదు. "తెలిసియు వెలికి వెఱచిరి" అనుట చెల్లవచ్చును. అది సత్యమైనచో నట్లే వ్రాయుదము. భయము మానవసహజము, దానిని వ్రాసిన బూర్వుల కవమానము లేదు. దానిని ధర్మమని వ్రాసినచో మాత్రము, ఆ భయమును జయించినవారి కవమానము, ఆ ధర్మము క్రింద నలిగినవారికి రెండవసారి యన్యాయము.

తీర్పు చెప్పువారమైన మనమును నొకనాడు తీర్పునకు లోబడువారమే. మన మనుమలు మనలను గూర్చి యీ నాలుగు ప్రశ్నలనే యడుగుదురు. వారికేమి తెలియును? ఏమి చేయగలిగిరి? వారివంటివారే యేమి చేసిరి? వేదికపై నేమి పలికి, యింటిలో నేమి చేసిరి? వరకట్నమును 1961లోనే శాసనము నిషేధించినది. మన సభలలో దానికి వ్యతిరేకముగా దీర్మానములు చేయుట వాడుక. ఆ తీర్మానములకు జేతులెత్తినవారి యిండ్ల పెండ్లిలెక్కలు దొరికినచో, అవియు మాంటిచెల్లో లెక్కలవలె నొకనాడు చదువబడును.

కావున మా మనవి యిది. ఇకమీదట సంఘసంచికకు బూర్వుల చరిత్రమును బంపువారు దానశాసనములతో బాటు ఇంటనున్న పాతజాబులను, లెక్కలను, దస్తావేజులను గూడ బరిశీలించి వ్రాయుదురు గాక. మంచిని మంచిగాను, లోపమును లోపముగాను, తెలిసినంతవఱకు దేదీలతో వ్రాయుదురు గాక. ఆ కాలమున వారి కెదురు నిలిచినవారి పేర్లు దెలిసిన, వారు మన కులమువారైనను గాకున్నను, వానిని గూడ జేర్చుదురు గాక. సంపాదకవర్గమువా రట్టి వ్యాసములకు జోటు నిచ్చుటకు సంకోచింపరని మా నమ్మకము.